పిట్ట వాలే పుల్ల దగ్గరే పనితనం

కెమెరా ఉన్న బర్డ్ ఫీడర్ కొనబోయేవారు మొదట అడిగేది మెగాపిక్సెళ్లు ఎన్నని. దాన్ని చేసేవారు మొదట తేల్చుకోవలసింది వేరు: పిట్ట ఎక్కడ వాలాలి? ఆ ఒక్కటి సరిగ్గా కుదిరితే బొమ్మ, వెలుతురు, శుభ్రం అన్నీ దాని వెనకే వస్తాయి.

స్లొవేనియా బృందం మొదలుపెట్టిన బర్డ్ బడ్డీ 2020 చివర్లో జనం నుంచి డబ్బు కూడగట్టే వేదిక కిక్‌స్టార్టర్‌లో దాదాపు 50 లక్షల డాలర్లు సమకూర్చుకుని ఈ రకం ఫీడర్లకు పేరు తెచ్చింది. చూడటానికి బుల్లి ఇల్లు. లోపల గింజలు, ముందు గోడలో కెమెరా, దాని కింద పిట్ట కాలు మోపే అంచు. గింజల కోసం వచ్చిన పిట్ట తనంతట తానే కటకం ముందు నిలబడుతుంది. ఫొటో కోసం పిట్ట వెంట పడే శ్రమ లేకుండా, పిట్టే వచ్చి కూర్చునేలా ఇల్లు కట్టడం ఇందులోని తెలివి.

చాలా ఫీడర్లలో కటకం ఫోకస్ మారదు. ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి బిగించేస్తారు. ఇంటి గుమ్మానికి పెట్టే మామూలు కెమెరా మనిషి నిలబడే దూరానికి సరిపోయేలా ఉంటుంది. జానెడు దూరంలో వాలిన పిట్ట అందులో అలికినట్టు కనబడుతుంది. అందుకే వాలే పుల్లకూ కటకానికీ మధ్య దూరాన్ని వడ్రంగి పట్టింపుతో కొలవాలి. మరీ దగ్గరైతే ఇంకో చిక్కు: విశాలంగా చూసే కటకం ముక్కును ఇంతలావు చేసి, తోకను కురచ చేసి చూపిస్తుంది. మంచి ఫీడర్‌లో పిట్ట పక్కకు తిరిగినా ముక్కు నుంచి తోక దాకా చట్రంలో ఇముడుతుంది.

ఇక పిట్టల తీరు. ఎర్రటి కార్డినల్ తాపీగా కూర్చుని, బలమైన ముక్కుతో పొద్దుతిరుగుడు గింజను అక్కడే పగలగొట్టి తింటుంది. దాన్ని ఏ కెమెరా అయినా పట్టేస్తుంది. చికడీ అలా కాదు. పది గ్రాములు కాస్త అటూ ఇటూ తూగే ఆ పిట్ట ఒక గింజ నోట కరుచుకుని కొమ్మ మీదికి ఎగిరిపోయి, కాళ్ల మధ్య పట్టుకుని పొడుచుకు తింటుంది. బ్యాటరీ ఆదా కోసం కెమెరా నిద్రలో ఉంటుంది. ఒంటి వేడి కదలికను సెన్సర్ పసిగట్టాక లేస్తుంది. లేవడం ఆలస్యమైతే మిగిలేది ఖాళీ పుల్ల. కొనేముందు చికడీ వీడియోలు చూడండి. సెన్సర్ చురుకు అక్కడ తేలిపోతుంది.

కప్పు చూరు రెండు పనులు చేయాలి: గింజ తడవకూడదు, ఎండ కటకంలో పడకూడదు. అమెరికాలో కెమెరాను ఉత్తరం వైపు తిప్పి పెడితే సూర్యుడి పోటు తగ్గుతుంది. గింజల పళ్లేనికి అడుగున నీరు కారే బెజ్జాలు లేకపోతే గింజ బూజు పడుతుంది. అన్నిటికన్నా నాకు నచ్చేది, కెమెరా ముక్కను చటుక్కున ఊడదీసి మిగతా ఇంటిని సబ్బునీళ్లలో ముంచగలిగే అమరిక. ఇది సౌకర్యం కోసమే కాదు. 2021 తొలి నెలల్లో అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో పైన్ సిస్కిన్ పిట్టలు సాల్మొనెల్లాతో చనిపోతుంటే, ఫీడర్లు కొన్నాళ్లు దించేయమని అక్కడి వన్యప్రాణి శాఖలు కోరాయి. అందరూ తినే పళ్లెం మురికిదైతే అక్కడినుంచే జబ్బు అంటుతుంది. రెండు వారాలకోసారి కడగాలి. మూలలు, సందులు ఎక్కువున్న ఫీడర్‌ను ఎవరూ అన్నిసార్లు కడగరు.

చలి దేశంలో బ్యాటరీ మాట మరువకూడదు. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే పాడవుతుంది. కాబట్టి కప్పు మీద సోలార్ పలక ఉన్నా గడ్డకట్టే రోజుల్లో దాని మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు. పిట్ట పేరు చెప్పే ఏఐకి నెలనెలా చందా కట్టాలంటే, చందా లేకుండా ఏమేం పనిచేస్తాయో ముందే అడగండి. పేర్లకైతే కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ యాప్ ఉచితంగానే దొరుకుతుంది.

మన ఊళ్లలో చూరుకు వరికుచ్చు కట్టేవారు. కంకులు బయటికే ఉండేలా అల్లిన ఆ కుచ్చులో పిచ్చుక కాలికి పట్టు, ముక్కుకు గింజ ఒకేచోట దొరుకుతాయి. కెమెరా, చిప్పు లేకపోయినా పిట్ట నిలబడే చోటును ఎరిగి చేసిన పని అది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో కెమెరా ఫీడర్ పెట్టబోయే తెలుగువాళ్లు కూడా వస్తువును అదే కంటితో ఎంచాలి. వాలే పుల్ల, నీరు కారే పళ్లెం, ఊడి వచ్చే కెమెరా: ఈ మూడూ బాగున్నదాన్ని కొనండి. మెగాపిక్సెళ్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.