పురపాలక గద్యము

మన దేశమున విమర్శకులకు కొదవ లేదు. ఒక్కొక్క ప్రబంధముపై పుట్టిన వ్యాఖ్యలు ప్రబంధమునకు పదిరెట్లున్నవి. నాటకము వెలువడిన మరునాడే దాని సంధులను, సంధ్యంగములను లెక్కపెట్టు పండితులున్నారు. కాని తెలుగున ఏటేట వేలకొలది పుటలుగా వెలువడుచు, ఏ మహాకావ్యమునకును లేని అధికారము కలిగి, తన్ను చదువనివానిచేత గూడ పన్ను కట్టించు గద్యమొకటి కలదు. దానిని రచనగా నెంచి విమర్శించినవారిని మేము చూచియుండలేదు. అది పురపాలక సంఘముల గద్యము: అజెండా, తీర్మానము, డిమాండు నోటీసు, గోడకంటించు ప్రకటన.

దీనిని సాహిత్యవిమర్శకు విషయముగా గొనుట పరిహాసమని కొందరనుకొందురేమో. కౌటిల్యుడట్లనుకొనలేదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున ప్రకటించిన అర్థశాస్త్రమును తెరచి రెండవ అధికరణమున పదవ అధ్యాయమును చూడుడు. రాజశాసనమును వ్రాయు లేఖకుడెట్టివాడై యుండవలెనో, వ్రాతకు గుణములేవో, దోషములేవో ఆయన ఆలంకారికులకు తీసిపోకుండ విభజించి చెప్పెను. అర్థక్రమము, సంబంధము, పరిపూర్ణత, మాధుర్యము, ఔదార్యము, స్పష్టత్వము అని గుణములాఱు. అకాంతి, వ్యాఘాతము, పునరుక్తము, అపశబ్దము, సంప్లవము అని దోషములైదు. అకాంతి యనగా నల్లబడిన పత్రముపై మాసిపోయిన వంకర యక్షరములు. మన కార్యాలయముల జెరాక్సు ప్రతులను ఆ మహానుభావుడు ముందే కన్నట్లున్నాడు! ఆ అధికరణముననే ముప్పదియాఱవ అధ్యాయమున నగరపాలకుడైన నాగరికుని విధులును, వీథిలో మన్ను పోసినవానికింత, బురదనీట దారి కట్టినవానికింత యను దండనలును కలవు. వీథి శుభ్రముగా నుండుటయు, వ్రాత శుభ్రముగా నుండుటయు ఆయనకు ఒక్క పరిపాలనలోని పనులే.

కాకినాడనే తీసికొందము. ఈ పురమునకు పురపాలకము 1866లో వచ్చినది. 1865 నాటి చెన్నపురి పట్టణాభివృద్ధి చట్టము దానికి మూలము. మొదట సభ్యులను ప్రభుత్వమే నియమించెడిది. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తీర్మానము చేయుచు, దీనివలన పనులు చక్కబడునని గాక, ప్రజలకు రాజకీయవిద్య యబ్బునని ముఖ్యముగా చెప్పెను. తరువాత 1884 చట్టము, 1920 చట్టము, స్వరాజ్యము వచ్చినపిమ్మట 1965 చట్టము, 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన డెబ్బదినాల్గవ రాజ్యాంగసవరణము. ఈ శతాబ్దపు తొలిదశకమున కాకినాడ నగరపాలక సంస్థయైనది. పేర్లు మారినవి, చట్టములు మారినవి. ఇంగ్లీషున నడచిన వ్యవహారము 1966 నాటి అధికారభాషా చట్టమునకు పిదప క్రమక్రమముగా తెలుగునకు తిరిగినది.

తిరిగినదంటిమి. నిజమునకు వేషము మార్చినదనవలెను. ఇంగ్లీషు తీర్మానపు ఎముకలగూటిపై తెలుగు ప్రత్యయములు కప్పిరి. ఆ కప్పుటలో పుట్టిన రూపమే "ఆమోదించడమైనది", "తెలియజేయడమైనది", "వాయిదా వేయడమైనది", "రికార్డు చేయడమైనది". ఇది రాష్ట్రమంతట నొక్కటే తీరుగా నున్నది గాన ఒక్క ఊరిని పట్టి నిందింపబనిలేదు. ఈ రూపమే భాష? భాషోద్యమ దినములలో గిడుగు రామమూర్తి పంతులుగారొక వైపునను, జయంతి రామయ్య పంతులుగారొక వైపునను నిలిచి పోరాడిరి. జయంతివారి ఆంధ్ర సాహిత్య పరిషత్తు చెన్నపట్టణమున పుట్టి కాకినాడకే తరలివచ్చినది. ఆ యుభయులను నేడు పిలిచి ఈ "అడమైనది"ని చూపిన, గిడుగువారు ఇట్లు మాటలాడువాడు ఏ యూరనున్నాడని యడుగుదురు. జయంతివారు ఇది ఏ కవి ప్రయోగమని యడుగుదురు. అంతటి వైరులను ఏకవాక్యమునకు తెచ్చిన ఘనత ఈ ప్రత్యయమునకు దక్కవలసినదే.

రూపము వికారముగా నున్నదని మా ఫిర్యాదు కాదు. దానియందు కర్త లేడు. సంస్కృతమున కర్మణిప్రయోగమున్నది గదా యందురేమో. ఉన్నది, కాని అందు కర్త తృతీయావిభక్తిలో నిలుచును. రామునిచేత రావణుడు చంపబడెను అన్నపుడు రాముడు వెనుకవరుసకు పోయెనేగాని సభ విడిచి పోలేదు. భావేప్రయోగమున గూడ కర్తకు చోటు కలదు. మన పురపాలక వాక్యమున ఆ చోటే లేదు. చర్చించినదెవరు, ఆమోదించినదెవరు, కాదన్నదెవరు, పని చేయవలసినదెవరు అను ప్రశ్నలకు వాక్యము చెవిటిది. వర్షము కురిసినట్లు తీర్మానము తనంత తానే జరిగిపోవును.

ఇది వట్టి వ్యాకరణచర్చ కాదనుటకు కాకినాడ చరిత్రయే సాక్ష్యము. 2005లో ఎన్నికైన సభ గడువు 2010తో తీరినది. తరువాతి ఎన్నిక 2017 ఆగస్టు 29న గాని జరుగలేదు. నడుమ ఏడేండ్లు ప్రత్యేకాధికారి పాలనము. 2017లో నలువదియెనిమిది డివిజనులనుండి ప్రతినిధులు వచ్చిరి; వారి గడువు 2022 సెప్టెంబరులో ముగిసి మరల ప్రత్యేకాధికారియే వచ్చెను. గడువు తీరకమునుపే ఎన్నిక జరుపవలెనని రాజ్యాంగమున వ్రాసియున్నది. సరే, ఆ సంగతి న్యాయవాదులు చూచుకొందురు. విమర్శకునకు కావలసిన సంగతి వేఱు. సభ లేని కాలమున సభాధికారములన్నియు ఆ యొక్క యధికారివే. ఆయన సంతకముతోనే తీర్మానములు వెలువడును. ఆ వాక్యము "ఆమోదించడమైనది". నలువదియెనమండుగురు కూర్చుండి గొంతులు బొంగురుపోవ వాదులాడినపుడును "ఆమోదించడమైనది"యే. ప్రజాప్రతినిధులున్న యేటి పుస్తకమునకును లేని యేటి పుస్తకమునకును వాక్యమున భేదము కానరాదు. సభ పోయినదని పాఠకుని కనిపింపని గద్యము పురమునకు హానికరమైన గద్యము. పౌరులు ఏడేండ్ల లోటును అంతగా పట్టించుకొనకపోవుటకు కారణములనేకము లుండవచ్చును. భాష వానిలో నొకటి కాదని మేము నమ్మము.

పన్ను సంగతి చూడుడు. ఇంటికి రాదగిన అద్దెను బట్టి పన్ను వేయుట మన పురములలో చిరకాలపు ఆచారము. 2020లో శాసనసభ చట్టమును సవరించి, 2021 ఏప్రిలు 1 నుండి ఆస్తి మూలధనవిలువను బట్టి పన్ను కట్టవలెనన్నది. ఒకయేట పెరుగుదల పాత పన్నుపై నూటికి 15కు మించరాదని కట్టుబాటు పెట్టిరి. మంచిదో చెడ్డదో, ఇది పెద్ద మార్పు. జగన్నాథపురమున పెంకుటింటి యరుగుపై కూర్చున్న ముదుసలికి దీనిని నాలుగు వాక్యములలో చెప్పవచ్చును: చట్టమును మార్చినది శాసనసభ, నీ యింటి విలువ ఇంతయని కట్టినది ఫలానా యధికారి, అందుచేత అర్ధసంవత్సరమున కింత, ఒప్పుకొననిచో ఇన్ని దినములలో ఫలానాచోట అర్జీ యిమ్ము. ఈ వాక్యములలో కర్తయున్నాడు. "సవరించడమైనది" అను నొక్కమాట చేతికిచ్చినచో, ఆమె పన్ను వసూలునకు వచ్చిన బిల్లు కలెక్టరునే కర్తగా తలచి వానినే తిట్టును. పాపము, వాడు వాక్యమున లేకున్నను వాకిట నున్నాడు.

అజెండాలలో మేము మెచ్చుకొనదగిన భాగమొకటి కలదు. కాల్వపనికో రోడ్డుపనికో స్థలము నిర్ణయించునపుడు "శ్రీ ఫలానావారి ఇల్లు మొదలుకొని ఫలానావారి కొట్టు మీదుగా ప్రధాన కాల్వ వరకు" అని వ్రాయుదురు. నవ్వువారు నవ్వుదురు గాని, ఇది గుమాస్తా తన కాళ్లతో నడచి కన్నులతో చూచి వ్రాసిన వాక్యము. ఇందు పేర్లున్నవి, దిక్కున్నది, ఆదియంతములున్నవి. వేంగీ చాళుక్యుల తామ్రశాసనములందు గ్రామసీమలు చెప్పు భాగము సరిగా నిట్లే యుండును: తూర్పున ఈ చెఱువు, దక్షిణమున ఆ పుట్ట. ఆ శాసనములు సీమలతో నాగలేదు. ఇచ్చిన రాజెవడో, ఆజ్ఞను నడపిన ఆజ్ఞప్తి యెవడో, రచించినదెవడో, చెక్కినదెవడో చెప్పి మరి ముగిసినవి. రాజరాజనరేంద్రుని 1053 నాటి నందంపూడి శాసనమును రచించినవాడు నన్నయభట్టని దానియందే యున్నది. మన యాదికవి సర్కారుకాగితము వ్రాసి, దాని క్రింద తన పేరు నిలుపుటకు సిగ్గుపడలేదన్నమాట. గోదావరిమండలమున పరిపాలనగద్యమునకు ఇంతటి పూర్వులుండగా, అనామకత్వమును మనమెక్కడినుండి యరువు తెచ్చితిమో!

ఈ తీరును సమర్థించువారి వాదమును తోసివేయరాదు. సభ యనునది ఒక శరీరము, తీర్మానము అందఱిది, వ్యక్తులను పేర్కొన్నచో ఐకమత్యము చెడును, కోర్టులో చిక్కులు వచ్చును, ఆడిటులో గుమాస్తా మెడకు చుట్టుకొనును అందురు. కడపటి మాటలో సత్యమున్నది. చిన్న యుద్యోగి భయము నిజమైన భయము. కాని భయపడువాడు వ్రాసిన వాక్యమును భాషాసంప్రదాయమని పిల్లలకు నేర్పనేల? ఇంగ్లీషువారి కార్యాలయభాషయు ఒకప్పుడిట్లే యుండెను. 1948లో వారి కోశాగారమువారే ఎర్నెస్టు గవర్సును కోరి, ఉద్యోగులకు తేటమాటలు నేర్పు పుస్తకము వ్రాయించుకొనిరి. వారి సభలేమియు కూలిపోలేదు. మనము వారి పాత వ్యాధిని దిగుమతి చేసికొని, మందు దిగుమతి చేసికొనుట మఱచితిమి.

"సభ నిర్ణయించినది" అనిన చట్టమునకు వచ్చు లోపమేమి? మేమే యొక మాదిరి కల్పించెదము. కాకినాడ పల్లపుటూరు, మురుగు ఉప్పుటేటికి పోవలెను, సముద్రపు పోటువేళ నీరు వెనుకకు తన్నును. కాల్వ పూడిక తీయించు విషయము సభకు వచ్చినదనుకొందము. నేటి ధోరణిలో: "పై విషయమును చర్చించి, కార్యాలయ నివేదిక మేరకు అంచనాను ఆమోదించడమైనది." మా ధోరణిలో: "ఈ కాల్వను వానలకు ముందు పూడిక తీయింపవలెనని సభ నిర్ణయించినది. ఇంజనీరు జూన్ మొదటివారములోపల పని ముగింపవలెను. ముప్పదిమంది ఔననిరి, ఎనమండుగురు కాదనిరి. పోటునీటికి అడ్డుగా తూమునకు తలుపు వేయనిదే పూడిక తీసి ప్రయోజనము లేదని కాదన్నవారి మాట." రెండవదానిలో ఇరువది మాటలెక్కువ. కాని వచ్చే వానకాలమున వీథిలో మోకాలిలోతు నీట నిలుచున్నవాడు ఆ పుస్తకము తెరచి, ఎవరిమాట నిజమైనదో తెలిసికొనగలడు. రిప్పన్ ప్రభువు చెప్పిన రాజకీయవిద్య యిదియే గదా.

ధ్రువీకరణ అను పేర వచ్చు విషయములను గూర్చి విస్తరింపము. పని చేసివేసి, డబ్బు చెల్లించి, పిదప సభయనుమతి కోరుట అత్యవసరమున తప్పదు. అత్యవసరమేమో, దానిని నిర్ణయించినదెవరో ఒక్క వాక్యమున నుండవలెను. అంతకు మించి మేము కోరము.

అదే కార్యాలయమున ఇంకొక పుస్తకము కలదు. పాఠశాలలో పనిచేయు మాకు దాని ప్రతులతో పరిచయమెక్కువ. అది జననమరణముల రిజిస్టరు. 1969 నాటి చట్టము ప్రకారము ఇరువదియొక్క దినములలో తెలుపవలెను. బిడ్డ పుట్టిన తేది, స్థలము, తల్లి, తండ్రి, తెలిపినవారెవరు, వ్రాసికొన్నవారెవరు. విశేషణము లేదు, "అడమైనది" లేదు. పేరు పెట్టకమునుపే నమోదైనచో పేరుగడి ఖాళీగా నుంచి, పదునైదేండ్లలోపల నింపుకొనవచ్చునని నియమము. పదవతరగతి దరఖాస్తువేళ ఆ ఖాళీగడితో పరుగులెత్తు తలిదండ్రులను ఏటేట చూచుచుందుము. ఖాళీ యున్నది గనుకనే దానిని పూరింపవలెనని వారికి తెలిసినది. తీర్మానములందు కర్తకు ఖాళీగడియైనను లేదు.

ఇక వీథిలో వినబడు పురపాలకమును గూర్చి చెప్పవలెను. ఒకనాడు దండోరా; నేడు ఆటోపై మైకు. కుళాయి రానినాడు అది చెప్పునదేమి? "రేపు పొద్దున్న గొట్టాలు బాగుచేస్తున్నారు, కుళాయి రాదు, ఇవాళే బిందెలు నింపుకోండి." ఎప్పుడు, ఎందుచేత, మీరేమి చేయవలెను అనునవి మూడును తొమ్మిది మాటలలో నున్నవి. వేసవిలో డెల్టాకాల్వలు కట్టివేసినపుడు ఊరంతయు ఈ గద్యముమీదనే బ్రతుకును. గోడమీది ప్రకటనమో "అంతరాయము కలుగునని తెలియజేయడమైనది" అని యుండును. దానిని చదివి బిందె నింపినవారిని మేమెరుగము. విచిత్రమేమనగా ఆ మైకువానికి మాటలు వ్రాసియిచ్చువాడును, గోడప్రకటన వ్రాయువాడును ఒక్క గుమాస్తాయే. రెండవదానికి దస్త్రమున నంబరున్నది. మొదటిది చిత్తుకాగితముపై వ్రాసినది. సాయంకాలమునకు ఆటోవాని జేబులో నలిగియుండును.