ఓపెన్ నొక్కాక వచ్చే కిటికీ

ప్రోగ్రాము మనదే అయినా, 'ఓపెన్' నొక్కగానే ఫోల్డర్ల జాబితాతో ఎదురయ్యే డైలాగు చాలాసార్లు మనం రాసింది కాదు. 1992లో విండోస్ 3.1తో మైక్రోసాఫ్ట్ దాన్ని అన్ని ప్రోగ్రాములకూ ఉమ్మడిగా ఇచ్చింది. అంతకు ముందు ఎవరి డైలాగు వాళ్లే తయారుచేసుకునేవారు. ఉమ్మడిగా వచ్చిన దగ్గర్నుంచీ దాన్ని మళ్లీ ఎవరికి తగ్గట్టు వాళ్లు మార్చుకునే ప్రయత్నాలూ మొదలయ్యాయి.

కారణాలు లేకపోలేదు. "ఫైలు తెరవకముందే బొమ్మ కనపడాలండీ" అంటారు ఒక క్లయింటు. "సేవ్ చేసే చోటే పాస్‌వర్డ్ పెట్టే వీలుండాలి" అంటారు ఇంకొకరు. రెండూ న్యాయమైన కోరికలే. పాత విండోస్‌లో వీటికి దారి హుక్. మన ఫంక్షన్ ఒకటి అప్పగిస్తే డైలాగుకు వచ్చే మెసేజీలు దానికీ అందుతాయి. ఇక బటన్లు జరపొచ్చు, దాచొచ్చు, టెంప్లేట్ జతచేసి సొంత కంట్రోళ్లు దించొచ్చు. విండోస్ 95 వచ్చాక ఇందులో ఒక మెలిక పడింది. హుక్‌కు అందే హ్యాండిల్ అసలు డైలాగుది కాదు, దాని లోపలి పిల్ల విండోది. గెట్‌పేరెంట్‌ని పిలిచి ఒక మెట్టు పైకెక్కితే గానీ అసలుది చేతికి చిక్కదు. ఈ సంగతి తెలియక పూటలకు పూటలు పోగొట్టుకున్నవాళ్లు ఈ వృత్తిలో తక్కువేం కాదు.

ఆ పనితనం ముచ్చటగానే ఉండేది. కానీ అద్దె ఇంట్లో గోడలు కొట్టి గదులు మార్చుకుంటే ఎన్నాళ్లు చెల్లుతుంది? విస్టాలో డైలాగు రూపం మొత్తం మారింది. పక్కన ఇష్టమైన ఫోల్డర్లు, పైన వెతుకులాట పెట్టె. హుక్ వాడిన ప్రోగ్రాములకు మాత్రం పాత కాలపు డైలాగే మిగిలింది. కొత్త దారి పేరు ఐఫైల్‌డైలాగ్‌కస్టమైజ్. చెక్‌బాక్సు, కాంబోబాక్సు, టెక్స్ట్ పెట్టె, ఏది కావాలో అడగొచ్చు. ఎక్కడ కూర్చోబెట్టాలో విండోసే చూసుకుంటుంది. ఇంతేనా అని సణిగినవాళ్లు ఉన్నారు. నాకైతే ఇదే సరైన బేరం అనిపిస్తుంది.

మిగతా చోట్లా గాలి అటే వీచింది. మ్యాక్‌లో యాక్సెసరీవ్యూ పేరుతో మన వ్యూ ఒకటి తగిలించవచ్చు గానీ, శాండ్‌బాక్సులో నడిచే యాప్‌కు ఆ ప్యానెల్ వేరే ప్రాసెస్‌లో ఉంటుంది. లినక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లకు పోర్టల్ చేసేదీ ఇంచుమించు ఇదే. యాప్ మన ఫోల్డర్లన్నీ తిరగేయక్కర్లేదు, డైలాగులో మనం ఎంచుకున్న ఫైలు దానికి అందితే చాలు. ఎంచుకోవడమే అనుమతి ఇవ్వడం అయినప్పుడు, ఆ డైలాగులో యాప్ వేలు పెట్టగలిగితే ఇక అనుమతి ఎవరిచ్చినట్టు? ఇక టూల్‌కిట్ల సంగతి. జీటీకే 3లో ఏ విడ్జెట్‌నైనా డైలాగులో చొప్పించే వీలుండేది. జీటీకే 4లో దాన్ని తీసేసి ఆప్షన్లు చేర్చే వీలు మాత్రం ఉంచారు. క్యూటీలో సిస్టమ్ డైలాగు వద్దని దాని సొంత డైలాగు తెప్పించుకుంటే చిత్తం వచ్చినట్టు మార్చుకోవచ్చు. కానీ వాడేవాళ్లు ఎక్స్‌ప్లోరర్‌లో పిన్ చేసుకున్న ఫోల్డర్లు అందులో ఉండవు.

నిజంగా శ్రద్ధ పెట్టాల్సినవి అన్నీ పైకి కనపడని చోట ఉంటాయి. ఉదాహరణకు ఫిల్టర్. జీటీకేలో చుక్క జేపీజీ అని చిన్న అక్షరాల ప్యాటర్న్ రాసి ఊరుకుంటే, కెమెరా పెద్ద అక్షరాలతో పేరు పెట్టిన ఫొటోలు జాబితాలో రావు. పాపం, ఫొటోలు పోయాయనే అనుకుంటారు. అందుకే 4.4లో అక్షరాల తేడా పట్టించుకోని సఫిక్స్ ఫిల్టర్ చేర్చారు. ఏ ఫిల్టర్ రాసినా 'అన్ని ఫైళ్లు' అనే వరస మాత్రం వదలకండి.

మొదట ఏ ఫోల్డర్ తెరుచుకోవాలన్నది ఇంకో సంగతి. విండోస్‌లో సెట్‌ఫోల్డర్ పిలిస్తే ప్రతిసారీ మనం చెప్పిన చోటే తెరుచుకుంటుంది, మనిషి నిన్న ఎక్కడ పనిచేశాడో దానికి అక్కర్లేదు. సెట్‌డిఫాల్ట్‌ఫోల్డర్ మర్యాద తెలిసినది. ఇంతకు ముందు వాడిన ఫోల్డర్ ఏదీ లేనప్పుడే అది మన మాట వింటుంది. సెట్‌క్లయింట్‌గుయిడ్‌తో బొమ్మలు తెచ్చుకునే డైలాగుకు ఒక జ్ఞాపకం, ఫైలు తెరిచే డైలాగుకు వేరే జ్ఞాపకం ఉంచొచ్చు. రోజంతా ఫైళ్లతో గడిపే డీటీపీ ఆపరేటర్‌కు దీనివల్ల మిగిలే క్లిక్కులు అన్నీ ఇన్నీ కావు.

చివరిగా, మన తెలుగువాళ్లకే తగిలే దెబ్బ ఒకటుంది. విండోస్‌లో తెలుగుకు పాత తరహా ఆన్సీ కోడ్‌పేజీ లేదు, ఉన్నది యూనికోడ్ ఒక్కటే. అందుకని మామూలుగా గెట్‌ఓపెన్‌ఫైల్‌నేమ్ ఆన్సీ రూపాన్ని పిలిచే ప్రోగ్రాములో 'పెళ్లిపత్రిక' అని తెలుగులో పేరున్న ఫైలు ఎంచుకుంటే, పేరు బదులు ప్రశ్నార్థకాలు వస్తాయి, ఫైలు తెరుచుకోదు. డైలాగుకు రంగులూ బటన్లూ దిద్దేముందు, తెలుగు పేరున్న ఫైలు ఒకటి మీ ప్రోగ్రాములో తెరిచి చూడండి.