గ్యాస్ కొట్టించే ముందు గాలి చూడండి

మే నెలలో విజయవాడ ఆటోనగర్‌లో ఏ ఏసీ షాపు ముందు నిలబడినా "గ్యాస్ కొట్టాలి సార్" అన్న మాట వినిపిస్తుంది. పాత కారైతే ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది. నిజానికి ఏసీ గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. బిగించిన గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పైగా పాత కార్లలో చాలాసార్లు జబ్బు చల్లదనానిది కాదు, గాలిది. చల్లబరచడం గ్యాస్ పని, ఆ చల్లదనాన్ని మన ముఖం దాకా తేవడం బ్లోయర్ పని. ఈ రెంటినీ వేరుచేసి చూడటంలోనే పాత మేస్త్రీల విద్యంతా ఉంది.

1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో ఏసీ కొత్తగా వచ్చినప్పుడు గాలిని చల్లబరిచే కాయిల్, బ్లోయర్ వెనక డిక్కీలో ఉండేవి. చల్లదనం తగ్గించుకోవాలంటే బ్లోయర్ స్విచ్ ఒక్కటే దిక్కు. ఇప్పుడు అవన్నీ డ్యాష్‌బోర్డ్ లోపల, కంటికి కనిపించని చోట ఉంటాయి. మారుతి 800 లాంటి బండి ఏసీలో స్కానర్ పెట్టి చదవడానికి కూడా ఏమీ ఉండదు. అందుకే పాత తరం మేస్త్రీలు చేతిని, చెవిని, ముక్కును నమ్ముకున్నారు. పాత బండికి నేటికీ అదే సరైన దారి అని నా నమ్మకం.

మంచి మేస్త్రీ స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఒక మాట అడుగుతాడు: "గాలి మొదట్నించీ తక్కువగా ఉందా, అరగంట నడిపాక తగ్గుతోందా?" జవాబు రెండోదైతే సగం రోగం తెలిసిపోయినట్టే. కాయిల్ మీద మంచు కడుతోంది. కాయిల్ సున్నా డిగ్రీలకు చేరకముందే థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆపాలి. ఆ థర్మోస్టాట్ పాడైనా, కాయిల్‌లో గుచ్చిన దాని సన్నని తీగ జారిపోయినా కంప్రెసర్ ఆగదు. గాలిలోని తేమ కాయిల్ రేకుల మధ్య గడ్డకట్టి, గాలి వెళ్లే సందులన్నీ మూసేస్తుంది. కోస్తా ఉక్కపోతలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పరీక్ష సులువు. ఏసీ స్విచ్ ఆపి బ్లోయర్‌ను మాత్రం తిరగనివ్వాలి. కాసేపటికి గాలి మళ్లీ పుంజుకుని, బండి కింద నీళ్లు ధారగా కారితే అది మంచు పనే. గ్యాస్ కొంత తగ్గినప్పుడు కూడా కాయిల్ ఒక పక్క ఇలాగే గడ్డకడుతుంది కాబట్టి, గ్యాస్ ఒత్తిడి చూసే గేజీలు తగిలించాల్సిన సందర్భం ఇది. అప్పుడు కూడా లీకు ఎక్కడో పట్టుకున్నాకే గ్యాస్ నింపాలి.

గాలి మొదట్నించీ తక్కువగా ఉంటే చెవికి పని చెప్పాలి. బ్లోయర్ హోరుమంటోంది, వెంట్ దగ్గర మాత్రం గాలి లేదు: అంటే మోటారు బాగుంది, దారి మూసుకుపోయింది. ఫిల్టర్ ఉన్న బండైతే గ్లవ్ బాక్స్ విప్పి, ఫిల్టర్ తీసి, ఒకసారి బ్లోయర్ వేసి చూడాలి. గాలి విసురుగా వస్తే వైద్యం అక్కడితో అయిపోయింది. మన పాత కార్లలో చాలావాటికి అసలు ఫిల్టరే ఉండదు. ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ము, వెంట్రుకలు, ఎండుటాకుల పొడి తడి కాయిల్‌కు అంటుకుని మందపాటి గొంగడిలా పేరుకుంటాయి. బ్లోయర్ వేయగానే పుల్లటి, మురిగిన వాసన వస్తే అనుమానం దాని మీదే. దాన్ని ఓపికగా శుభ్రం చేయాలి. ప్రెషర్ నీళ్లు కొడితే పలుచని రేకులు వంగిపోయి గాలికి శాశ్వతంగా అడ్డుపడతాయి.

బ్లోయర్ శబ్దమే నీరసంగా ఉంటే లోపం మోటారుది, లేదా కరెంటుది. ఆఖరి స్పీడులో తప్ప తిరగకపోతే స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది, ఎందుకంటే ఆఖరి స్పీడు కరెంటు రెసిస్టర్ మీదుగా వెళ్లదు. చాలా షాపుల్లో రెసిస్టర్ మార్చి పంపేస్తారు, అదేమో కొన్నాళ్లకే మళ్లీ కాలిపోతుంది. రెసిస్టర్ చల్లబడేది బ్లోయర్ గాలితోనే. దారి మూసుకుపోయినా, బుష్‌లు పట్టేసి మోటారు ఎక్కువ కరెంటు లాగినా అది మాడిపోతుంది. ఆ కారణం వెతికినవాడే మెకానిక్ అని నేనంటాను.

ఆఖరి స్పీడు కూడా మందకొడిగా ఉంటే మోటారు కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులుండి మోటారుకు 11 మాత్రమే అందుతుంటే, మోటారును నిందించి లాభం లేదు. స్విచ్, రిలే, ఎర్త్ వైరు చూడాలి. ఇంకో తిరకాసుంది. మోటారును రిపేరు చేసి బిగించేటప్పుడు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది. అయినా బ్లోయర్‌లో ఉండే రకం ఫ్యాన్ గాలిని అటే తోస్తుంది, కాకపోతే బాగా తక్కువగా. కొత్త మోటారు కూడా బలహీనంగా ఉందని వాపోయేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

ఇక అరచేయి. ముందు వెంట్లలో రాని గాలి అద్దం దగ్గరో, కాళ్ల దగ్గరో వస్తోందేమో తడిమి చూడాలి. వస్తుంటే గాలిని మళ్లించే లోపలి ఫ్లాప్ కేబుల్ జారిందన్నమాట. వెంట్లలోంచి నల్లటి స్పాంజి పొడి రాలుతుంటే ఫ్లాపుల అంచులు అరిగిపోయాయి.

ఈ విద్యకు గురుకులం షాపే. గ్యాస్ బండ, గేజీలు చేతికొచ్చాక కుర్రాళ్లకు ఇదంతా నేర్చుకునే తీరిక ఉండటం లేదు. నష్టం జేబుకే కాదు. కార్లలో వాడే ఆర్134ఏ గ్యాస్ కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడంత వేడి పెంచుతుంది. గాలి తక్కువైన బండికి గ్యాస్ వదిలి మళ్లీ నింపడం ఆ రకంగానూ తప్పే.

కాబట్టి ఈ వేసవిలో షాపుకు వెళ్తే, గేజీలు తగిలించకముందే ఆ అబ్బాయిని ఆపి "ముందు బ్లోయర్ సంగతి చూడు బాబూ" అనండి. గాలి ఎప్పుడు, ఏ స్పీడులో, ఏ వెంట్‌లో తగ్గుతోందో ఇంటి దగ్గరే గమనించి వెళ్లి చెప్పండి.