సాకెట్ ఒప్పుకున్నంత మేర

పాత డెస్క్‌టాప్ స్లో అయిపోయిందని ఎవరు చెప్పినా నేను ముందడిగేది, ఏ పనిలో అని. స్విచ్ వేసి టీ తాగి వచ్చినా తెర మీదికి ఏమీ రాకపోతే అది హార్డ్ డిస్క్ సంగతి. దాని బదులు ఎస్‌ఎస్‌డి పెడితే చాలామంది ఇంకేమీ మార్చనక్కర్లేదు. బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరవగానే బిగుసుకుపోతుంటే ర్యామ్ చాలడం లేదు. ఈ రెండూ కాదని తేలాకే ప్రాసెసర్ జోలికీ గ్రాఫిక్స్ కార్డు జోలికీ వెళ్లాలి. ఇది తేల్చుకోకుండా డబ్బు పెట్టేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

సూళ్లూరుపేటలో మా అక్క వాళ్లింట్లో ఉన్నది 2012లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. ఇంటెల్ ఐ3-2100 ప్రాసెసర్, హెచ్61 బోర్డు. ఆ రోజుల్లో మన ఊళ్లలో చాలా ఇళ్లకు వచ్చింది ఈ జోడీయే. మేనల్లుడి చదువుకని కొన్నారు. వాడు ఉద్యోగానికి వెళ్లిపోయాడు, ఇప్పుడు వాడి చెల్లెలి చేతికొచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. ఫ్రీక్యాడ్‌లో యంత్ర భాగాలు గీసి, బ్లెండర్‌లో వాటికి రంగూ వెలుతురూ పెట్టి రెండర్ చేస్తుంది. "మామా, రెండర్ పెట్టి అన్నం తిని వచ్చినా సగం కూడా కాలేదు" అంది. పని నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, నాలుగు గీతలూ నూటికి నూరు. ర్యామ్‌లో ఇంకా చోటుంది, డిస్క్ ఖాళీగా కూర్చుంది. ఇంత స్పష్టంగా ఒక యంత్రం తన కష్టం చెప్పుకోవడం ఎప్పుడో గాని దొరకదు.

"దీనికి పెట్టే డబ్బు కొత్తదానికి పెట్టకూడదా తమ్ముడూ?" అంది అక్క. న్యాయమైన ప్రశ్నే. జవాబు మాత్రం సాకెట్‌లో ఉంది.

ప్రాసెసర్ కూర్చునే చోటే సాకెట్. ఆ బోర్డుది ఎల్‌జీఏ 1155. అంటే ప్రాసెసర్ కింద 1155 బంగారు చుక్కలు, వాటిని తాకడానికి సాకెట్‌లో అన్నే సన్నని పిన్నులు. 2011లో వచ్చిన ఇంటెల్ రెండో తరం, 2012లో వచ్చిన మూడో తరం ఇందులో కూర్చుంటాయి. 2013లో నాలుగో తరం వచ్చేసరికి ఇంటెల్ 1150కి మారిపోయింది, 2015కి 1151. ఎనిమిదో తరం అదే 1151లో వచ్చినా, అంతకు ముందరి బోర్డుల్లో పనిచేయదన్నారు. ఏఎండీ ఇందుకు పూర్తిగా భిన్నం. 2017లో రైజెన్‌తో పాటు కొన్న ఏఎం4 బోర్డుల్లో చాలావాటికి, బోర్డును నిద్రలేపే బయోస్ ప్రోగ్రామ్‌ను మార్చుకుంటే, 2020లో వచ్చిన 5000 సిరీస్ దాకా పడుతుంది. కొన్నవాణ్ని గుర్తుపెట్టుకున్న కంపెనీ అనిపించుకుంది, నా దృష్టిలో. మనకున్నది 1155 గనుక, దానికి దాదాపు చివరి మెట్టు ఐ7-3770. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 77 వాట్లు. పాత ఐ3 తిన్నది 65. పన్నెండు వాట్ల తేడాకి పనిచేసే చేతులు రెట్టింపు.

ఇక్కడొక మెలిక ఉంది. మొదట్లో వచ్చిన హెచ్61 బోర్డులకు మూడో తరం ప్రాసెసర్ అంటే ఏమిటో తెలియదు. బయోస్ అప్‌డేట్ చేస్తేనే గుర్తుపడతాయి. ఆ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చేయాలి. కొత్తది పెట్టేశాక తెరే రాకపోతే ఇక చేసేదెక్కడ? అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే బోర్డు చచ్చిపోయినట్టే. అందుకే యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తోందో ముందు చూసుకుని, ఎండ దిగాక, వీధిలో ఏసీల జోరు తగ్గాక మొదలుపెట్టాం. పెన్‌డ్రైవ్‌లో ఫైలు, తెర మీద నిదానంగా జరిగే గీత. పిల్ల ఊపిరి బిగపట్టి చూసింది. నేనూ అంతే.

సరుకు కోసం మనకు చెన్నై దగ్గర. సూళ్లూరుపేటలో లోకల్ ట్రైనెక్కితే మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగొచ్చు. అక్కణ్నించి మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్ ఎంతో దూరం లేదు. ఆఫీసుల్లో లీజు తీరి బయటికొచ్చిన కంప్యూటర్లను విప్పి, భాగాలు విడిగా అమ్మే కొట్లు అక్కడ బోలెడు. ఐ7-3770 లాంటివి అలా వచ్చినవే. కొత్త కంప్యూటర్ ధరతో పోలిస్తే చాలా తక్కువ. ప్రాసెసర్ సెకండ్‌హ్యాండ్‌లో కొనడానికి నేను జంకను. కదిలే భాగం లేనిది, సరైన వోల్టేజీలో నడిచింది అంత తొందరగా చెడదు. గ్రాఫిక్స్ కార్డు అలా కాదు. దానికి ఫ్యానుంటుంది, మెమరీ చిప్పులుంటాయి. కొన్నేళ్ల కిందట క్రిప్టో మైనింగ్ కోసం రాత్రింబవళ్లు నడిపిన కార్డులూ ఈ సందుల్లోకే వచ్చాయి. కాబట్టి కొట్లోనే బిగించి, కాసేపు లోడు పెట్టి చూపమని అడగాలి. ఫ్యాను గరగరమంటోందా, స్క్రూల తలలు అరిగి ఉన్నాయా, పట్టుకుంటే కాలిన వాసన వస్తోందా. మొహమాటపడకూడదు. తెలుగులో అడిగినా అక్కడ చాలామంది చెబుతారు.

రెండర్ పని కోసం మేం ఎంచుకున్న కార్డు జీటీఎక్స్ 1050 టీఐ, 2016 నాటిది. కారణం దాని వేగం కాదు, దాని తిండి. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఇవ్వగలిగింది 75 వాట్లు. ఈ కార్డుకి అంతే చాలు. చాలా మోడళ్లకు విడిగా పవర్ వైరు అక్కర్లేదు. అంతకంటే పెద్ద కార్డులకు ఆరు పిన్నుల వైరు, ఎనిమిది పిన్నుల వైరు కరెంటిచ్చే పెట్టె ఎస్‌ఎంపీఎస్ నుంచి లాగాలి. అసెంబుల్డ్ క్యాబినెట్లతో వచ్చే ఎస్‌ఎంపీఎస్‌ల మీద 450 వాట్లని పెద్దక్షరాల్లో రాసుంటుంది. ఆ అంకెను నమ్మొద్దు. కిందున్న చిన్న పట్టీలో 12 వోల్టుల లైను ఎన్ని ఆంపియర్లో చూడండి. అక్క వాళ్లదాని మీద 18 ఉంది. 12ని 18తో హెచ్చవేస్తే 216. ప్రాసెసర్‌కీ కార్డుకీ అసలు ఆధారం ఆ 216 వాట్లే, 450 కాదు. అదీ పదేళ్లు దాటిన సరుకు. ఎస్‌ఎంపీఎస్ మాత్రం కొత్తదే కొన్నాం. మిగతావి పాతవి కొన్నా ఇది కొత్తదే ఉండాలన్నది నా పట్టుదల. అది పోయేటప్పుడు ఒంటరిగా పోదు మరి.

క్యాబినెట్ మూత తీస్తే ఉప్పుగాలి జాడ కనిపించింది. వెనకవైపు స్క్రూలు తుప్పు పట్టి, ర్యామ్ అంచులు మసకబారి ఉన్నాయి. పులికాట్ సరస్సు మీది గాలి ఏ ఇంటినీ వదలదు. ర్యామ్ అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే మెరుపు తిరిగొచ్చింది. కూలర్ నాలుగు కాళ్లనూ బాణం గుర్తున్న వైపు తిప్పి పైకి లాగాలి. కిందున్న పేస్టు ఎండి సుద్దలా పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచాక ఇంటెల్ అక్షరాలు కనిపించాయి. లీవర్ లేపి పాతది తీయించాను, పిల్ల చేతే. కొత్తదాని మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది గుర్తుకు ఎదురుగా పెట్టి, పక్కనున్న రెండు గాట్లూ కుదిరాయో లేదో చూసి, నొక్కకుండా వదలాలి. దాని బరువుకి అదే కూర్చుంటుంది. లీవర్ దించేటప్పుడు కరకరమని శబ్దం వస్తుంది. మొదటిసారి విన్న ఎవరైనా ఏదో విరిగిందని చెయ్యి వెనక్కి తీసుకుంటారు. తనూ తీసుకుంది. "ఏం కాదులే తల్లీ, అది అలాగే అంటుంది, దించు" అన్నాను. నడిమధ్యన పేస్టు పెసరగింజంత. పైన పాత కూలర్ కాదు, మధ్యలో రాగి దిమ్మ ఉన్న కూలర్.

అదే పూట కార్డు కూడా పెట్టేద్దామని తను తొందరపడింది. నేను వద్దన్నాను. రెండూ ఒకేసారి మార్చి, సిస్టమ్ లేవకపోతే తప్పెవరిదని వెతుక్కోవాలి? ఈ మాట చెప్పడానికి ఆ ఊళ్లో దూరం వెళ్లనక్కర్లేదు. డాబా ఎక్కితే శ్రీహరికోటలోని ఇస్రో ప్రయోగ కేంద్రం షార్ నుంచి లేచే రాకెట్లు కనిపిస్తాయి. ఇస్రో రాకెట్లలో 2009 నుంచి పనిచేస్తున్నది విక్రమ్ 1601 అనే 16 బిట్ల ప్రాసెసర్. దాని స్థానానికి 32 బిట్ల విక్రమ్ 3201ని తిరువనంతపురం విక్రమ్ సారాభాయ్ కేంద్రం, చండీగఢ్ సెమీకండక్టర్ ల్యాబొరేటరీ కలిసి తయారుచేశాయి. ఆ కొత్త చిప్పును తీసుకెళ్లి నేరుగా రాకెట్‌కి దారి చూపే పనిలో పెట్టలేదు. 2024 డిసెంబర్ 30 రాత్రి శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో, ఉపగ్రహాలను వదిలేశాక కక్ష్యలో మిగిలే నాలుగో దశను ప్రయోగాలకు వాడుకునే పోయెమ్-4 అనే వేదికలో, దాని కంప్యూటర్‌లో పెట్టి పరీక్షించారు. పొరపాటు జరిగినా అసలు పని చెడని చోట అన్నమాట. ఆ తర్వాతే, 2025 మార్చిలో, చిప్పుల తొలి విడతను ఇస్రోకి అప్పగించారు.

పిల్లను ఇంకోటి కూడా ఆశ్చర్యపరిచింది. ఆ విక్రమ్ చిప్పులు తయారైంది 180 నానోమీటర్ల పద్ధతిలో. ప్రపంచంలో పెంటియం 3 నాటి మాట అది. తన బల్ల మీది ఐ7-3770ది 22 నానోమీటర్లు. లెక్కల వేగంలో ఐ7దే పైచేయి. కానీ మైనస్ 55 డిగ్రీల నుంచి 125 డిగ్రీల దాకా తడబడకుండా నిలబడటం విక్రమ్ పని. ఏ పనికి ఏది కావాలో చూసి ఎంచుకున్నారే తప్ప, ఏ అంకె పెద్దదని కాదు. ఈ ఊళ్లో పెరిగే పిల్లలకి బళ్లో చెప్పాల్సిన పాఠాల్లో ఇదొకటని నా నమ్మకం.

వారం పాటు కొత్త ప్రాసెసర్‌తోనే నడిపింది. ఎండలో వేడి ఎంతకెళ్తోందో రోజూ రాసుకుంది. రెండర్ సమయం సగానికి దగ్గరగా వచ్చింది. తర్వాత కార్డు. మానిటర్ వైరు బోర్డుకి కాదు, కార్డుకే పెట్టాలని చెప్పక్కర్లేకుండానే పెట్టింది. బ్లెండర్ సెట్టింగుల్లో కార్డును ఎంచుకున్నాక, మునుపు భోజనం వేళంతా మింగిన బొమ్మ చేతులు కడుక్కుని వచ్చేలోపు తయారైంది.

లోటు లేదనను. 2013లో నాలుగో తరంతో వచ్చిన ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి ఈ ఐ7లో లేదు, కొన్ని కొత్త సాఫ్ట్‌వేర్లు అది లేకపోతే నడవమంటాయి. విండోస్ 11 ఎనిమిదో తరం కంటే పాత ఇంటెల్‌ను అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. నమోదు చేసుకున్నవాళ్లకి భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది. ఎనిమిది థ్రెడ్లతో పరుగెత్తే యంత్రాన్ని ఒక జాబితాలో పేరు లేదని చెత్తలో వేయమనడం అన్యాయం, ఆ మాట ఎక్కడైనా అంటాను. మేం లినక్స్ మింట్ వేశాం. ఫ్రీక్యాడ్, బ్లెండర్ రెండూ అందులో హాయిగా నడుస్తాయి. అక్క ఫొటోలూ బ్యాంకు పనులూ అందులోనే.

ఇక తీసేసిన ఐ3-2100. దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అలమరలో దాచబోతే పిల్ల ఒప్పుకోలేదు. వాళ్ల వీధి చివర జిరాక్స్ కొట్లో ఒక పాత సిస్టమ్‌ ఉంది. అదీ 1155 సాకెట్టే, అందులో సెలెరాన్ ఉంది, అప్లికేషన్ నింపడానికి కూర్చుంటే ఒక్కో పేజీకీ ఎదురుచూపే. "అన్నా, డబ్బులొద్దు, ఇది పెట్టిస్తాను" అని తనే వెళ్లి చెప్పింది. సెలెరాన్ రెండో తరం, ఐ3 కూడా రెండో తరమే. బయోస్ ముట్టుకోనక్కర్లేదు. ఆదివారం కొట్టు మూసే వేళకి వెళ్లి మార్చేసి వచ్చింది, నేను వెంట లేకుండానే.