సీసియాన్ని పట్టే నీలి రంగు

అణు కేంద్రాల నుంచి వచ్చే వ్యర్థజలం చాలాసార్లు చూడటానికి తేటగానే ఉంటుంది. లీటరు నీటిలో లక్ష బెకరెల్‌ల సీసియం-137 ఉందంటే, అందులో సెకనుకు లక్ష పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయన్న మాట. ఆ సీసియం బరువెంతో లెక్కగడితే, గ్రామును మూడు కోట్ల భాగాలు చేస్తే అందులో సుమారు ఒక భాగం. ఇంత స్వల్ప పదార్థం ఏ మందు కలిపినా తనంతట తాను అడుగుకు దిగదు. దాన్ని వెంటబెట్టుకుని దిగే తోడు కావాలి.

ఆ తోడును వాడి చూపినవారు క్యూరీ దంపతులు. 1898లో పిచ్‌బ్లెండ్ ఖనిజంలోని అతి స్వల్పమైన రేడియంను బేరియంతో పాటు వేరుచేసి, దాని జాడ పట్టారు. రెండూ ఒకే కుటుంబపు మూలకాలు, స్ఫటికంలో ఒకదాని చోట మరొకటి ఇమిడిపోతుంది. స్ట్రాన్షియందీ ఆ కుటుంబమే. బేరియం సల్ఫేట్ తెల్లగా విరిగి పడేటప్పుడు స్ట్రాన్షియం-90 కూడా అందులో చేరి దిగిపోతుంది. కొత్త మూలకాన్ని వెతకడానికి వాడిన ఉపాయమే ఈనాడు నదినీ సముద్రాన్నీ కాపాడే పనికి వస్తోంది. రసాయనశాస్త్రంలో నాకు ఇంతకంటే ఇష్టమైన కథ లేదు.

సీసియం మరీ మొండిది. దాని లవణాలు దాదాపు అన్నీ నీళ్లలో కరిగిపోతాయి. దాన్ని లొంగదీసింది 18వ శతాబ్దం తొలినాళ్లలో బెర్లిన్‌లో పుట్టిన చిత్రకారుల రంగు, ప్రష్యన్ బ్లూ. ఆ స్ఫటికంలోని ఖాళీలు సీసియం అయానుకు సరిగ్గా సరిపోతాయి. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో సీసియం ఒంట్లోకి చేరినవారికి ఈ నీలాన్నే మందుగా మింగించారు. వ్యర్థజలానికి ఎక్కువగా వాడేది దాని బంధువులైన రాగి, నికెల్ ఫెర్రోసైనైడ్‌లను. మన ముంబయిలోని ట్రాంబే అణు కేంద్రంలోనూ రాగి ఫెర్రోసైనైడ్ వాడారు.

అన్నీ ఒకే తొట్టిలో కలిపేస్తే కుదరదు. కాల్షియం ఫాస్ఫేట్‌తో స్ట్రాన్షియాన్ని బాగా పట్టాలంటే పీహెచ్ 11 దాటాలి. అంత క్షారంలో ఫెర్రోసైనైడ్ నిలవక విడిపోతుంది. అందుకే దశలవారీగా చేస్తారు. ఇనుప హైడ్రాక్సైడ్ జిగురు ముద్దలు ప్లుటోనియం వంటివాటిని, సన్నని నలకలను చుట్టుకుని దిగుతాయి. బురదనీటి కుండలో చిల్లగింజ అరగదీసినప్పుడు మన పల్లెల్లో చూసిన తేట ఇలాంటిదే. ట్రిటియం మాత్రం దేనికీ చిక్కదు, అది నీటి అణువులోనే భాగమై ఉంటుంది. జపాన్‌లో సునామీకి దెబ్బతిన్న ఫుకుషిమా అణు కేంద్రంలో శుద్ధిచేసిన నీటిని సైతం పలచనచేసి, 2023 ఆగస్టు నుంచి సముద్రంలోకి వదలడానికి ఒక కారణం ఇదే.

ఈ పద్ధతి రేడియోధార్మికతను చంపదు. ట్యాంకులకొద్దీ నీటిలో చెదిరి ఉన్న ముప్పును కొద్దిపాటి బురదలోకి చేరుస్తుంది. దాని విలువంతా అందులోనే ఉంది. సీసియం-137 అర్ధాయువు 30 ఏళ్లు కాబట్టి, దాని ధార్మికత వెయ్యో వంతుకు తగ్గాలంటే 300 ఏళ్లు ఆగాలి. అందాకా బురద కదలకుండా ఉండాలి. అందుకే దాన్ని సిమెంటులో కలిపి గట్టిపరుస్తారు. నీటిని తేటపరిచే ముందే ఈ ఏర్పాటు జరగాలని నా గట్టి అభిప్రాయం. 2011లో ఫుకుషిమా నీళ్లను ఈ రసాయనాలతోనే కొన్ని నెలల పాటు శుద్ధిచేశారు. అప్పుడు మిగిలిన బురద అక్కడి భవనంలోనే ఉండిపోయింది. దాన్ని సునామీ అందని ఎత్తుకు చేర్చే పని పదేళ్లు దాటాక కూడా సన్నాహాల్లోనే ఉంది.