కాపలా బొమ్మ

నాతవరంలో కొత్త ఇల్లు లేస్తుంటే ముందు వేలాడేది దిష్టిబొమ్మ. మిడిగుడ్లు, కోరమీసాలు, బయటికి చాచిన నాలుక. దాన్ని గీసే పెయింటరు పనితనమంటే నాకు గౌరవం. రోడ్డు మీంచి కనబడాలి, ఎండకు వెలిసినా మొహం గుర్తుండాలి. అందుకే కళ్లకే ఎక్కువ చోటిస్తాడు.

కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్లకు బొమ్మ ఎంచుకోవడమూ ఇదే పని. చాలామంది డాలో, తాళంకప్పో గీసి ఊరుకుంటారు. ఏది ఎవరిదో పోల్చుకోలేం. భద్రతకు పేరుపడ్డ ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ మాత్రం ముళ్లు విప్పుకుని ఉబ్బే చేపను పెట్టుకుంది. 1998లో వచ్చిన స్నార్ట్‌ది పంది బొమ్మ. నెట్‌వర్క్‌లో చొరబాటును వాసన పట్టేదానికి అంతకంటే తగిన ముక్కు ఏముంది!

అలాంటి మొహాలిచ్చే చేతులు మన దగ్గరే ఉన్నాయి. మన అనకాపల్లి జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే తెలుగు పిల్లలూ, దాని మొహం గీయడానికి ఈ చేతుల్ని పిలవండి.