పట్టించుకోకపోతే సుఖమేనా?

ప్రాచీన గ్రీకు, రోమన్ తాత్వికుల్లో స్టోయిక్కులు సుఖానికి చెప్పిన సూత్రం చిన్నది. నడవడి మంచిదైతే మనిషి సుఖంగా ఉన్నట్టే. డబ్బు, ఆరోగ్యం, పేరు లేకపోయినా ఆ సుఖానికి లోటు రాదు. మన చేతిలో లేనివాటి కోసం కుమిలిపోవద్దు. ఎవడైనా తిడితే మనల్ని బాధపెట్టేది వాడు కాదు, అది అవమానమన్న మన తలంపే.

ఇలా బోధించిన ఎపిక్టెటస్ ఒకప్పుడు బానిస. కాబట్టి దీన్ని తేలిగ్గా తోసిపారెయ్యలేం. యజమాని ఒంటిని కట్టెయ్యగలడు గానీ మనసును కట్టెయ్యలేడనడంలో ఆత్మగౌరవం ఉంది. అయితే చక్రవర్తి మార్కస్ అరీలియస్ నమ్మిందీ ఈ తత్వాన్నే. బానిసకీ చక్రవర్తికీ ఒకే మందు! బానిసలూ మనుషులేనని, వాళ్లతో కలిసి తినమని చెప్పిన సెనెకా కూడా బానిసత్వం పోవాలని అనలేదు.

ఈ మందు నాకూ పోశారు. హాస్టల్లో కులం పేరుతో ఎగతాళి చేస్తున్నారని చెప్పుకుంటే ఒక పెద్దమనిషి, "పట్టించుకోకు బాబూ, చదువుకో" అన్నాడు. ఎగతాళి చేసినవాళ్లకి మాత్రం ఏ తత్వమూ చెప్పలేదు.

చుండూరులో జరిగిందేమిటి? 1991లో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల యువకుడికి తగిలింది. దాన్ని అవమానంగా పట్టించుకున్నది ఎవరు? గొడవ సాంఘిక బహిష్కరణగా మారింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కాలు తగలడంలో అవమానం లేదు, అవమానమనుకోవడంలోనే ఉంది అన్న పాఠం ఎవరికి చెప్పాల్సింది? మన దేశంలో ఓర్పు పాఠాలు ఎప్పుడూ దెబ్బలు తిన్నవాళ్లకే.

ఇక "మన చేతిలో లేనివి" అన్న మాట. ఒంటరి మనిషి చేతిలో ఉండేది కొంచెమే. చుండూరు దళితులు కలిసి నిలబడ్డారు. చనిపోయినవాళ్లని ఊరి నడుమ పూడ్చి ఆ చోటుని రక్తక్షేత్రం చేశారు. విచారణ ఊళ్లోనే జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టుని అక్కడికే రప్పించారు. ఆ కోర్టు 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది.

గురిచూసి బాణం వెయ్యడమే విలుకాడి పని, తగలడం అతని చేతిలో లేదని స్టోయిక్కులంటారు. పోరాడినవాళ్లకి ఈ మాట కొంత బలమిస్తుంది, కాదనను. కానీ వాళ్లు చెప్పిన నాలుగు సద్గుణాల్లో న్యాయం కూడా ఒకటి. ఆ న్యాయాన్ని పక్కనపెట్టి నిబ్బరాన్ని మాత్రమే మనకి బోధిస్తే, అది సుఖమార్గం కాదు. నోరు మూసుకోమనడమే.